ఫోటోలో రంగు మారిన దుప్పటి

ఆమెను ఆ వీధిలో అందరూ దారాలత్త అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఆమె అన్నయ్య కూతురు, చిన్నతనంలో. మేనత్త ఇంటికి వచ్చినప్పుడల్లా కుర్చీ కింద, మంచం కింద, ఒకసారి ఏకంగా పంచదార డబ్బా వెనక కూడా ఊలు ఉండలు దొరికేసరికి ఆ పిల్ల అలా పిలిచింది. పిల్ల పెద్దదై వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరింది గానీ, పేరు మాత్రం వీధిలోనే ఉండిపోయింది. కింద బల్బుల కొట్టతను, ఎదురింటి ముసలావిడ, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా దారాలత్తా అనే పిలిచేవాళ్ళు.

చాలాకాలం ఆమె యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కాజాలు కుట్టింది. చొక్కాకి గుండీలు పట్టే రంధ్రాలు, అంతే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే. కాజాలు కుట్టే మిషన్లు వచ్చాక ఆమెనూ, ఆమె వరుసలో కూర్చున్న వాళ్ళనూ ఇంటికి పంపేశారు. మనిషి ఇంటికి వచ్చింది కానీ చేతులు ఊరుకోలేదు. దాంతో ఊలు అల్లే క్రోషే సూది పట్టుకుంది. పిల్లల టోపీలు, దిండు గలేబులు, కుక్కపిల్ల బొమ్మలు, అన్నిటికంటే ఎక్కువగా దుప్పట్లు. వాళ్ళకి పిల్లల్లేరు. అల్లినవన్నీ బంధువులకీ, బంధువుల బంధువులకీ చేరేవి. చివరికి ఎవరింట్లో పిల్ల పుట్టినా "దుప్పటి వద్దులే అత్తా, ఇంకా రెండున్నాయి" అనేదాకా వచ్చింది వ్యవహారం.

ఆమె భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. అచ్చుకి వెళ్ళే ముందు ప్రతి కాగితం ఆయన కళ్ళ కిందనుంచి పోవలసిందే. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టడమే కాదు, అందులో ఒకటి తప్పుగా ఉంటే పక్కన గీత పెట్టి మరీ చూపించగల మనిషి. వీధిలో ఆయన పేరు అచ్చుతప్పులాయన. రిటైరై ఇంట్లో కూర్చున్నాక దిద్దడానికి ఏమీ లేక మందుల అట్టల మీద, సబ్బు కాగితాల మీద, బస్సు టికెట్ల మీద తప్పులు వెతికేవాడు. బల్బుల కొట్టు బోర్డు మీద ఒత్తు ఒకటి తగ్గిందని చెప్పి చెప్పి, కొట్టతను వేరే బోర్డు రాయించేదాకా అతన్ని నిద్రపోనివ్వలేదు.

ఒక సెలవు రోజు మేనకోడలు వచ్చి, అత్త దగ్గర పోగుపడిన దుప్పట్లు చూసి, "ఇవన్నీ పెట్టెలో పెట్టి ఏం చేస్తావత్తా? అమ్ము" అంది.

"నా మొహం. ఎవరు కొంటారే?"

"ఫోన్లో పేజీ పెడతాను. నువ్వు ఫోటోలు తీసి అందులో పెట్టు. కావాల్సినవాళ్ళు అడుగుతారు."

పేజీ పెట్టి, ఎలా వాడాలో నేర్పి, ఆ పిల్ల వెళ్ళిపోయింది. దారాలత్త ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. దుప్పటిని నేలమీద పరిచి, తను పైన నిలబడి, ఫోన్ వంచి నొక్కింది. ఫోటోలో దుప్పటికంటే ఆమె కాలి బొటనవేలే స్పష్టంగా పడింది. సాయంత్రం చీకటిగా ఉందని ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ, చుట్టూ మసి. కుక్కపిల్ల బొమ్మని వంటింటి గట్టు మీద పెట్టి తీస్తే దాన్ని ఎవరూ అడగలేదు. ఒకావిడ మాత్రం "వెనకాల కనిపిస్తున్న కుక్కర్ ఎంతకిస్తారు?" అని అడిగింది.

ఆ ఫోటోలు భర్త కంటపడ్డాయి. కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చూశాడు.

"ఇవి ఫోటోలా? పేజీకి పదహారు తప్పులు. ఇలా ఇవ్వు."

ఆనాటినుంచి ఇంట్లో ఆయన రాజ్యం మొదలైంది. ముందుగది బల్లని కిటికీ దగ్గరికి లాగాడు. ఎండ నేరుగా పడకుండా కిటికీకి పల్చటి తెల్లబట్ట కట్టాడు. ప్రెస్సుకి వెళ్ళి పాత మిత్రుల దగ్గర పెద్ద తెల్ల అట్ట ఒకటి తెచ్చి, సగం బల్లమీద పరిచి సగం గోడకి ఆనించి, మధ్యలో మడత పడకుండా మెల్లగా వంచి నిలబెట్టాడు. వెనకాల ఏమీ కనిపించకూడదు, చూసేవాడి కన్ను వస్తువు మీదే నిలవాలి అన్నాడు. ఊలు మీద అంటుకున్న నూగుని పట్టకారుతో ఏరేవాడు. ఫోన్ చేతిలో వణుకుతుందని బిస్కెట్ డబ్బాకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కేవాడు. ముందు మొత్తం వస్తువు కనిపించేలా ఒకటి, తర్వాత అల్లికలో కుట్టు కుట్టూ కనిపించేంత దగ్గర నుంచి ఒకటి, అంచు మడిచి ఇంకొకటి. కుక్కపిల్ల బొమ్మని తీయడానికి ఆ వయసులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బొమ్మని పైనించి తీస్తే జాలిగా ఉంటుంది. దాని కళ్ళలోకి చూస్తూ తీయాలి" అన్నాడు.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో తన మొహంలోకి ఇంతసేపు చూసిన పాపాన పోలేదు కదా అనుకుంది. పైకి మాత్రం, "టీ చల్లారిపోతోంది" అంది.

ఫోటో తీశాక ఫోన్లోనే దిద్దుకోవడానికి వేలితో లాగే కొన్ని గీతలుంటాయి. ఒకటి వెలుతురు పెంచుతుంది, ఒకటి నీడల్ని తగ్గిస్తుంది. వాటిలో ఒక గీత చెడిపోయిందని ఆయన మొదటిరోజే కనిపెట్టాడు. "ఇది అటు లాగినా ఇటు లాగినా ఏమీ మారడం లేదు. ఉత్త అలంకారానికి పెట్టారు" అన్నాడు. అయినా మనిషి తీరు మనిషిది కదా. బాగుపడిందేమోనని ప్రతి ఫోటోకీ దాన్ని ఓసారి లాగి చూసేవాడు. మారలేదని తేలాక అది ఎక్కడుంటే అక్కడ వదిలేసేవాడు. దారాలత్త అదేమీ పట్టించుకోలేదు. అల్లిక తనది, ఫోటోలు ఆయనవి.

ఫోటోలు నిజంగానే బాగా వచ్చాయి. వేలితో తాకితే ఊలు మెత్తదనం తెలుస్తుందేమో అన్నట్టుండేవి. జనం అడగడం మొదలుపెట్టారు. టోపీలు వెళ్ళాయి, కుక్కపిల్లలు వెళ్ళాయి, తర్వాత నాచురంగు దుప్పటి వెళ్ళింది. అది ఆమెకి చాలా ఇష్టమైన దుప్పటి. తడిసిన రాయి మీద పట్టిన నాచు ఎలా ఉంటుందో అచ్చం ఆ పచ్చ. కొన్నది ఒక స్కూలు టీచరు. అది అందాక ఆవిడ దగ్గర్నుంచి కబురు వచ్చింది.

"అల్లిక చాలా బాగుందండీ. కానీ నేను అడిగింది ఇటుకరంగు. మీరు పంపింది ఆకుపచ్చ."

దారాలత్త దాన్ని రెండుసార్లు చదివింది. ఇటుకరంగు దుప్పటి తను అసలు అల్లనేలేదు. ఫోన్లో ఆ ఫోటో తెరిచి చూసింది. ఫోటోలో ఉన్నది తన దుప్పటే. తన కుట్లే, తన అంచే. కానీ రంగు మాత్రం ఇటుక.

"ఏమండీ, ఇలా రండి. ఈ దుప్పటి ఏ రంగు?"

ఆయన చూశాడు. "నువ్వు అల్లిన రంగే. నాచురంగు అన్నావు కదా."

"ఇది నాచురంగా?"

"కాక?"

ఆమె మిగిలిన ఊలు ఉండ తెచ్చి ఫోన్ పక్కన పెట్టింది. ఒకటి పచ్చ, ఒకటి ఇటుక. పాలకీ నీళ్ళకీ ఉన్నంత తేడా. ఆయన ఆ ఉండనీ ఫోటోనీ మార్చి మార్చి చూసి, "చూశావా, ఆవగింజంత తేడా లేదు. ఎంత బాగా తీశానో" అన్నాడు.

ఆయన వేళాకోళం ఆడే మనిషి కాదు. తప్పుంటే సొంత తమ్ముడి పెళ్ళిపత్రికైనా వెనక్కి పంపిన మనిషి. ఆయన తప్పు లేదంటున్నాడంటే మరి తనకి కనిపిస్తున్నదేమిటి?

"ఒకసారి మీ కళ్ళజోడు తుడుచుకోండి."

"నా కళ్ళజోడు శుభ్రంగానే ఉంది. నీ కళ్ళే ఓసారి చూపించుకో. వయసు మీద పడుతోంది, ఒప్పుకోవాలి మరి."

టీచరుకి క్షమాపణ చెప్పి వేరేది పంపుతానంది. ఆవిడ మంచిది, పచ్చదే ఉంచుకుంది. అక్కడితో పోయిందనుకుంటే, మరుసటి వారం ఇంకొకరు. గులాబీరంగు టోపీ కొంటే ఫోటోలో బూడిదరంగు ఉందట. బూడిదే కావాలట. ఆ తర్వాత తేనెరంగు దిండు గలేబు ఫోటోలో పచ్చగా పడింది. అదే గలేబు రెండో ఫోటోలో ఎర్రటి మట్టిలా ఉంది. నీలం మాత్రం ఎప్పుడూ ఏమంత మారేది కాదు. ఒక పద్ధతంటూ ఉంటే ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. దీనికి తలా తోకా లేదు.

మేనకోడలికి ఫోన్ చేసింది. "నాకూ ఇటుకరంగే కనిపిస్తోందత్తా. అయినా ఒక్కో ఫోన్‌లో రంగు ఒక్కోలా పడుతుందిలే" అంది ఆ పిల్ల ఏదో పనిలో ఉండి. ఫోన్లు బాగుచేసేవాడి దగ్గరికి వెళితే, అతను స్క్రీన్ మీద చొక్కా అంచుతో తుడిచి, "స్క్రీన్ బంగారంలా ఉంది అక్కా. రంగంటారా, అది చూసేవాళ్ళని బట్టి" అన్నాడు. చూసేవాళ్ళని బట్టా? అతను మామూలుగా అన్న ఆ మాట ఆమెకి సూదిలా గుచ్చుకుంది.

బల్బుల కొట్టతనికి సంగతి చెప్పింది. అతనికి లోకంలో ఏ రోగానికైనా మందు బల్బే.

"పసుపు బల్బు కింద చూస్తే రంగులన్నీ మారిపోతాయి దారాలత్తా. తెల్ల బల్బు పెట్టుకోండి."

"ఆయన ఫోటోలు తీసేది పగలు, కిటికీ దగ్గర."

"ఓహో." అతను తల గోక్కున్నాడు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మీకు కామెర్లేమన్నా..."

"నీ నోట్లో దుమ్ము పొయ్య, ఆ తెల్ల బల్బేదో ఇచ్చెయ్యి."

నలుగురూ నాలుగు రకాలు చెప్పేసరికి ఆమె తల బొప్పి కట్టింది. తెల్ల బల్బు పెట్టినా ఏమీ మారలేదు. ఊలు ఉండలు సంచిలో వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. మెట్ల మీద ఆగి ఒకసారి చూసేది, వీధిలో ఎండలో చూసేది, కూరగాయల కొట్లో గొడుగు నీడలో చూసేది. అలా పరీక్షగా చూస్తుంటే నిజంగానే ప్రతిచోటా రంగు కొంచెం కొంచెం వేరుగా కనిపించింది. మబ్బు పట్టినప్పుడు నాచురంగు నల్లబడింది, వానవెలిసిన ఎండలో చిలకపచ్చగా లేచింది. ఇన్నాళ్ళూ రంగంటే ఊలుకి అంటుకుని ఉండేదనుకుంది. ఇప్పుడది గాలిపటంలా ఎటు గాలి వీస్తే అటు పోయేటట్టుంది. అయితే ఆయన చెప్పిందే నిజమేమో. మేనకోడలన్నట్టు కొన్నవాళ్ళది ఫోన్ల తేడా అయితే, తప్పు తన కళ్ళదేనేమో.

ఒకరోజు గులాబీ, బూడిద చారలతో చంటిపిల్లల దుప్పటి అల్లుతోంది. పక్కన కూర్చున్న ఆయన, "ఏమిటీ, ఈసారి మొత్తం ఒకే రంగు వేస్తున్నావు?" అన్నాడు.

ఆమె సూది ఆపి ఆయన మొహంలోకి చూసింది. నవ్వు లేదు. మామూలుగా అడిగిన మనిషి మొహమే.

"చారలు కనిపించడం లేదా మీకు?"

"ఏ చారలు?"

తను వేశానని నమ్ముతున్న చారలు ఆయనకి కనిపించడం లేదు. అంటే తను రెండుసార్లు ఒకే రంగు ఉండ తీసుకుని రెండు రంగులనుకుంటోందా? కార్ఖానాలో ఆమె పక్కన కూర్చున్న ఒకావిడకి చివర్లో మతిమరుపు వచ్చి, కుట్టిన కాజాలనే మళ్ళీ కుట్టేది. అది గుర్తొచ్చి దారాలత్త సూది పక్కన పెట్టేసింది. ఆ దుప్పటి అక్కడితో ఆపేసింది. తర్వాత తెల్ల ఊలు, నల్ల ఊలు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. వచ్చే ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆయనైతే మహా సంతోషించాడు. "ఇప్పుడు చూడు, ఫోటోలు ఎంత శుభ్రంగా ఉన్నాయో. అచ్చుకాగితంలా ఉన్నాయి" అన్నాడు. ఆమెకి మాత్రం పొద్దున్నే లేచి బుట్ట మూత తీయబుద్ధయ్యేది కాదు.

చివరికి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. భర్త తోడు వచ్చాడు. గోడమీద అక్షరాల పట్టీ ఉన్న చీకటిగది, ఎత్తుకుర్చీ, గడ్డం ఆనించే ఇనుపపట్టీ. డాక్టరమ్మ చిన్నవయసుదే గానీ నిదానస్తురాలు. ముందు చూపు చూసింది, తర్వాత కళ్ళలోకి దీపం వేసి చూసింది.

"శుక్లాలు లేవు. అద్దాల నంబరు కూడా మార్చక్కర్లేదు. ఇంతకీ మీకేం ఇబ్బంది అమ్మా?"

"రంగులు సరిగ్గా కనిపించడం లేదమ్మా. పచ్చది ఇటుకలా కనిపిస్తోంది. ఒక్కరంగు ఉన్నచోట రెండు కనిపిస్తున్నాయి."

డాక్టరమ్మ సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది. ప్రతి పేజీలోనూ గుండ్రంగా పరిచిన రంగురంగుల చుక్కలు. వాటి మధ్యలో వేరే రంగు చుక్కలతో అంకెలు.

"ఏ అంకె కనిపిస్తే ఆ అంకె చెప్పండి."

దారాలత్త భయంభయంగా చదివింది. పన్నెండు. ఎనిమిది. ఇరవై తొమ్మిది. ఐదు. పక్కన కుర్చీలోంచి భర్త ముందుకి వంగాడు.

"ఎందుకే తోచిన అంకెల్లా చెప్తావు? కనిపించకపోతే కనిపించలేదని చెప్పు. డాక్టరు దగ్గర సిగ్గెందుకు?"

"కనిపిస్తోందండీ. ఇదిగో, ఐదు."

"అక్కడ ఐదూ లేదు, ఆరూ లేదు."

డాక్టరమ్మ చేతిలోని పుస్తకం ఆగింది. ఆవిడ ఇద్దరినీ ఒకసారి చూసి, కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. "మీరోసారి చూస్తారా సార్?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని, పుస్తకాన్ని దీపం కిందికి జరుపుకుని, జీవితమంతా ఏ శ్రద్ధతో కాగితాలు చూశాడో అదే శ్రద్ధతో చూశాడు. మొదటి పేజీలో పన్నెండు అన్నాడు. తర్వాతి పేజీ తిప్పాడు, ఆ తర్వాతిది తిప్పాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఈ పుస్తకం అచ్చు సరిగ్గా లేదమ్మా" అన్నాడు చివరికి. "మొదటి పేజీలో తప్ప ఎక్కడా అంకె వెయ్యలేదు. ఉత్త చుక్కలు వేసి వదిలేశారు. మీరు దీన్ని వెనక్కి పంపించెయ్యాలి."

డాక్టరమ్మ పుస్తకం మెల్లగా మూసింది. చాలామంది మగవాళ్ళకి పుట్టుకతోనే ఇలా ఉంటుందనీ, ఎరుపూ పచ్చా విడివిడిగా తెలియవనీ, ఇది జబ్బు కాదనీ, మందు లేదనీ, ఇన్నేళ్ళు తెలియకుండా గడిచిపోవడం వింతేమీ కాదనీ చెప్పింది. ఆయన వింటున్నట్టే తల ఊపాడు. చెప్పడం అయ్యాక, "అయితే ఈవిడ కళ్ళకి ఏం మందు రాస్తారు?" అని అడిగాడు.

"ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి సార్."

ఇంటికి వెళ్ళే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. తన కళ్ళూ మతీ బాగున్నందుకు ఆమె సంతోషించాలి. ఒకపక్క సంతోషంగానే ఉంది. ఇంకోపక్క, ఇన్నేళ్ళూ ఒకే గదిలో బతికిన మనిషి వేరే లోకాన్ని చూస్తున్నాడన్నది బుర్రకెక్కడం లేదు.

"మరి చిన్నప్పుడు బళ్ళో తెలియలేదా మీకు?"

"రంగుల పేర్లు అందరికీ బాగా గుర్తుంటాయి, నాకే గుర్తుండవు అనుకున్నానే. కొందరికి ఎక్కాలు రావు చూడు, అలా. ఆకు పచ్చ, నెత్తురు ఎరుపు అని బట్టీ పట్టాను. ప్రెస్సులో అంతా నలుపూ తెలుపే. ఇంక దేనికి కావాలి?"

"అందుకేనా టమాటాలు తెమ్మంటే ఎప్పుడూ కాయలే తెచ్చేవారు?"

"నొక్కి చూసి తెచ్చేవాణ్ణి" అన్నాడు ఆయన దెబ్బతిన్నట్టు. "గట్టివి మంచివని."

బస్సు మలుపు తిరిగింది. అప్పుడామెకి ఒక సంగతి తట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి. పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఆయన, "నువ్వు ఆ గోధుమరంగు స్వెటర్లో ఎంత బాగుంటావో" అన్నాడు. ఆమెకి గోధుమరంగు స్వెటర్ లేదు. ఉన్నది ఒక్కటే, చిలకపచ్చది. గోధుమరంగు స్వెటర్ వేసుకునేది ప్రెస్సులో బైండింగు చేసే ఒకమ్మాయి. ఆ ఒక్కమాట పట్టుకుని ఆమె ఏడాదిపాటు లోలోపల కుమిలిపోయింది. ఆయన ఆలస్యంగా వస్తే వీధి చివరిదాకా చూసేది. అడగలేక, మింగలేక, ఆ పచ్చ స్వెటర్‌ని చివరికి విప్పేసి ఆ ఊలుతో గిన్నెలు దించే గుడ్డలు అల్లేసింది.

"ఏమండీ, పెళ్ళైన కొత్తలో నాకొక స్వెటరుండేది, గుర్తుందా?"

"ఎందుకు లేదు? గోధుమరంగుది. రెండు జేబులుండేవి, ఎడమ జేబు కొంచెం వంకర. అది వేసుకోవడం ఎందుకు మానేశావో నాకిప్పటికీ తెలీదు."

ఆ వంకర జేబు తను అల్లిందే. ఆమె కిటికీ వైపు తిరిగింది. నవ్వూ వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఆ రెంటిలో ఏది ముందో ఆమెకే తెలియలేదు. ఏడాది కుమిలిపోవడం, పాపం ఎరగని ఆ బైండింగు పిల్ల మీద ఏడుపు, అంతా దేనికి? ఇప్పుడు ఎవరిని ఏమనాలి?

"ఏమైందే?"

"ఏమీ లేదు లెండి. జేబు వంకరని అప్పుడే చెప్పొచ్చుగా."

ఆ తర్వాత ఆయన ఫోన్ ముట్టుకోవడం మానేశాడు. తెల్ల అట్ట గోడకి ఆనించి ఉన్నది ఉన్నట్టే ఉంది. మందుల అట్టలు చదవడం కూడా మానేశాడు. కుర్చీలో కూర్చుని ఒక ఊలు ఉండని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండేవాడు. "మరి నేను చూసేదాన్ని ఏమనాలి?" అని ఒకసారి అడిగాడు. ఆమె ఆ ఉండని తీసుకుని తనూ ఓసారి తిప్పి చూసింది.

మళ్ళీ ఫోటోలు ఆమే తీసింది. రంగులు సరిగ్గా వచ్చాయి, మిగతావన్నీ పోయాయి. దుప్పటి నలిగిన గుడ్డలా పడింది, కుక్కపిల్ల మొహం మసకబారింది. మేనకోడలు ఫోన్ చేసి, "మావయ్యకేమైందత్తా? ఫోటోలు మళ్ళీ కుక్కర్ కాలానికి వెళ్ళిపోయాయి" అంది.

"మీరే తియ్యాలి" అంది ఆమె ఆయనతో.

"తప్పు కనపడనివాడు దిద్దకూడదు. అది మా ప్రెస్సులో మొదటి మాట."

"మిమ్మల్ని రంగులు దిద్దమన్నదెవరు? మీరు చెడిపోయిందన్న గీత రంగులు మార్చేది, అది ఒక్కటీ ముట్టుకోకండి. వెలుతురు చూడండి, నూగు ఏరండి, కుట్లు చూడండి. రంగు నేను చూస్తాను. తీసిన ప్రతి ఫోటో పక్కన ఉండ పెట్టి చూశాకే పేజీలో పెడదాం."

ఆయన ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఒప్పుకున్నాక అనుమానం పట్టుకుంది. ప్రతి ఫోటోకీ, "ఇది పచ్చేనా? కచ్చితంగా పచ్చేనా?" అని అడిగేవాడు. ఇదివరకు తప్పులేదని వాదించి ప్రాణం తీసినవాడు, ఇప్పుడు ఒప్పునీ నమ్మక ప్రాణం తీశాడు. ఫోటోల కింద ఆమె రంగుల పేర్లు కూడా రాయడం మొదలుపెట్టింది. నాచురంగు, ఉల్లిపొరరంగు, వంకాయరంగు, తుప్పురంగు. ఆయన వాటిలో అక్షరదోషాలు చూసేవాడు. ఎవరైనా ఇంకా సందేహపడితే ఊలు ముక్క ఒకటి కాగితానికి కట్టి పంపేవాళ్ళు. టీచరు తన చెల్లెలికోసం మరో దుప్పటి అడిగింది. రంగు విషయంలో ఈసారి పేచీ రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె బుట్టలోని ఉండలన్నీ బల్లమీద పోసింది. "మీకు ఒకేలా కనిపించేవన్నీ ఒక కుప్పగా పెట్టండి, చూద్దాం" అంది. ఆయన మొదట బిగుసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటీ తీసి కిటికీ వెలుతుర్లో చూస్తూ పెట్టాడు. నీలాలు ఒకవైపు వెళ్ళాయి. పసుపులు ఒకవైపు. పెద్ద కుప్పలో నాచు, ఇటుక, తుప్పు, ఎండుగడ్డి పచ్చ, మట్టి ఎరుపు అన్నీ కలిసి చేరాయి. ఆమె కళ్ళు సగం మూసి, తల వంచి, దూరం జరిగి ఆ కుప్ప కేసి చూసింది. ఒక్క క్షణమైనా అది ఒకే రంగుగా కనిపిస్తుందేమోనని ఎంతో ప్రయత్నించింది. కనిపించలేదు.

ఆ కుప్పతోనే ఒక దుప్పటి అల్లింది. ఏ రంగు తర్వాత ఏది అని చూసుకోకుండా చేతికి అందినది అందినట్టు అల్లుకుపోయింది. ఆమె కళ్ళకి అది కొట్లాటలా ఉంది. నాచు పక్కన మట్టి ఎరుపు, దాని పక్కన గడ్డిపచ్చ. అల్లుతూ రెండుసార్లు విప్పేద్దామనుకుంది. పూర్తయ్యాక ఆయన బల్లమీద పరిచి, మడతలు సరిచేసి, వెనక్కి జరిగి చూశాడు.

"ఇన్నాళ్ళకి నిదానంగా ఉండే దుప్పటి అల్లావు" అన్నాడు. "ఎక్కడా గొడవ లేదు."

ఫోటోలు తీశాడు. కిటికీ బట్ట రెండుసార్లు సర్ది, మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు తీశాడు. ఇద్దరూ కలిసి ఆ ఫోటోలు చూశారు. కుట్టు కుట్టూ తేటగా ఉంది, నీడ మెత్తగా ఉంది. కింద ఏం రాయాలన్న దగ్గర పేచీ వచ్చింది. ఆయన ఒకే రంగు అంటాడు, ఆమె ఐదు రంగులంటుంది. ఐదని రాస్తే తన కళ్ళకి అబద్ధం అంటాడు, ఒకటని రాస్తే కొన్నవాళ్ళు తిడతారంటుంది. వాదించి వాదించి అలిసిపోయి, దాన్ని పేజీలో పెట్టకుండా మంచం మీద పరుచుకున్నారు.

మేనకోడలు వచ్చినప్పుడు దాని మీద కూర్చుని, "ఇదేంటత్తా, ఇన్ని రంగులు కలిపావు? కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

ఆయన భార్య వైపు చూశాడు. "ఎన్నున్నాయి?" అని అడిగాడు ఆ పిల్లని.

"నాలుగా... ఐదా... ఆగు మావయ్యా, లెక్కపెట్టనీ" అని ఆ పిల్ల దుప్పటి మీద వంగింది. దారాలత్త టీ పెట్టడానికి లేచింది.